ఎవరి అభ్యాసానికి ఎవరి బతుకు?

"ఇది ఊరికే ఎక్సర్‌సైజు మేడమ్, సినిమా కాదు."

సినిమా కోర్సులు చదివే పిల్లలు మన సంఘాల ఆఫీసులకు వచ్చినప్పుడు మొట్టమొదట చెప్పే మాట ఇదే. చేతిలో కాలేజీ ఉత్తరం ఉంటుంది. భుజాన కెమెరా సంచి, చంకన ట్రైపాడ్. వచ్చే సోమవారానికల్లా క్లాసులో చూపించాలన్న గాభరా ముఖంలో కనిపిస్తూ ఉంటుంది. మనకా, పిల్లలంటే మురిపెం. ఆడపిల్ల కెమెరా పట్టిందంటే ఇంకా మురిపెం. ఎక్సర్‌సైజే కదా అనుకుంటాం. హోమ్‌లో ఉన్నవాళ్ళలో కాస్త నోరు విప్పి మాట్లాడగల మనిషిని పిలిచి కూర్చోబెడతాం. అందరికీ టీ ఇప్పిస్తాం. మన మీటింగుకి మనం వెళ్ళిపోతాం.

ఆ "ఊరికే" అన్న మాట గురించే నేనిక్కడ రాస్తున్నాను. ఎవరికి ఊరికే? అభ్యాసం చేస్తున్నది కెమెరా వెనకున్న మనిషి. ముందు కూర్చున్న మనిషి ఏ అభ్యాసమూ చెయ్యడం లేదు. ఆమె తన మొగుడి గురించి, ఒంటి మీది దెబ్బల గురించి, అత్తగారింట్లో వదిలి వచ్చిన పిల్లవాడి గురించి చెబుతోంది. మార్కులు రాకపోతే పిల్లలు ఇంకోసారి తీసుకోవచ్చు. ఆమె చెప్పిన మాటని ఇంకోసారి చెప్పకుండా చేసుకోలేదు.

ఈ చదువు ఎలా సాగుతుందో మనలో చాలామందికి తెలియదు కాబట్టి కొంచెం చెప్పాలి. పూనాలో పాత ప్రభాత్ స్టూడియో ఆవరణలో 1960లో ప్రభుత్వం పెట్టిన ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ దగ్గర్నుంచి, 1995లో కలకత్తాలో సత్యజిత్ రాయ్ పేరుతో మొదలైన సంస్థ మీదుగా, ఇవాళ ప్రతి నగరంలోనూ వెలసిన ప్రైవేటు కాలేజీల దాకా పద్ధతి ఇంచుమించు ఒకటే. ముందు చిన్న చిన్న ఎక్సర్‌సైజులు, ఆఖర్న డిప్లొమా ఫిల్మో, ఫైనల్ ప్రాజెక్టో. ఎక్సర్‌సైజుకి నియమాలు టీచరు పెడతారు. ఇన్ని నిమిషాలే ఉండాలి, ఒకే గదిలో తియ్యాలి, సంగీతం వాడకూడదు, ముఖం చూపకుండా మనిషిని చూపాలి, ఇట్లా. క్లాసంతా కూర్చుని చూస్తారు, తప్పులెంచుతారు, మార్కులు వేస్తారు, అక్కడితో దాని పని అయిపోతుంది. ఫైనల్ ప్రాజెక్టు అట్లా కాదు. దానికో పేరుంటుంది, పోస్టరుంటుంది, ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఉంటాయి. ఊళ్ళు దాటి ఫెస్టివల్స్‌కి పోతుంది. రేపు ఉద్యోగానికి వెళ్ళినా, ఇంకో సినిమాకి డబ్బు అడిగినా చూపించుకునేది దాన్నే.

ఈ రెంటి మధ్యా పిల్లలు నేర్చుకునేది చాలా ఉంది. దాన్ని నేను తక్కువ చెయ్యబోవడం లేదు. మొదటిసారి వచ్చినప్పుడు ఫ్యాన్ ఆపడం తెలియదు, మాటంతా గాలిలో కొట్టుకుపోతుంది. రెండోసారి వచ్చేసరికి ఫ్యాన్ ఆపించడమే కాదు, అందర్నీ ఒక నిమిషం నోరు మూసుకోమని ఆ ఖాళీ గది చప్పుడు కూడా రికార్డు చేసుకుంటారు. ఎడిటింగులో మాటకీ మాటకీ మధ్య అతుకు కనపడకుండా ఉండటానికట. ప్రశ్న జవాబు మీద పడకూడదని నేర్చుకుంటారు. కోతలు కప్పడానికి చేతులూ, గోడ మీది క్యాలెండరూ, పొయ్యి మీది గిన్నే విడిగా తీసుకోవాలని నేర్చుకుంటారు. పనితనం అంటే ఇదే, కష్టపడి సంపాదించుకోవలసినదే.

వాళ్ళు నేర్చుకునేవాటిలో ఒకటి మాత్రం మనం చెవి పెట్టి వినాలి. ఇంటర్వ్యూ చేసేటప్పుడు మనిషి జవాబు చెప్పడం పూర్తయ్యాక వెంటనే ఇంకో ప్రశ్న వెయ్యకూడదు, కెమెరా ఆపకూడదు. ఐదారు సెకన్లు ఊరుకోవాలి. ఆ మౌనాన్ని భరించలేక అవతలి మనిషి ఇంకో మాట అంటుంది. అసలు మాట అదే అవుతుంది. డాక్యుమెంటరీ క్లాసుల్లోనూ, జర్నలిజం క్లాసుల్లోనూ నేర్పే పాత చిట్కా ఇది. మనం కౌన్సెలింగులో చేసేదీ అదే కదా అంటారేమో. అవును, మనమూ ఊరుకుంటాం. కానీ ఆ తర్వాత వచ్చిన మాట మన గది దాటి బయటికి పోదు.

ఫిల్ము రీళ్ళ కాలంలో పేదరికమే కొంత కాపలా కాసింది. 16 ఎం.ఎం. ఫిల్ము నాలుగొందల అడుగుల చుట్ట అంటే పదకొండు నిమిషాలు. విద్యార్థికి దొరికేదే కొద్ది చుట్టలు. కెమెరా తిప్పేముందు ఏం అడగాలో, ఏం చెప్పాలో కూర్చుని మాట్లాడుకోక తప్పేది కాదు. తనను ఏం అడగబోతున్నారో ఆమెకు ముందే తెలిసేది. ఇప్పుడు కార్డు పెడితే గంటల తరబడి నడుస్తుంది. ఎర్రదీపం వెలుగుతోందో లేదో కూడా ఎవరూ చూడరు. ఆ రోజులే బాగున్నాయని నేననడం లేదు. అప్పట్లో ఎంతమంది ఆడపిల్లలకు కెమెరా ముట్టుకోనిచ్చారో మనకు తెలియనిది కాదు. ఖర్చు పెట్టిన కళ్ళెం పోయింది, దాని స్థానంలో ఇంకే కళ్ళెమూ రాలేదని అంటున్నాను.

నాలుగేళ్ళ కిందట మా హోమ్‌లో జరిగింది చెబుతాను. ఏ కాలేజీ అన్నది ఇక్కడ అనవసరం. ఏ కాలేజీ అయినా కావచ్చు. ముగ్గురు విద్యార్థులు వచ్చారు. ముఖం కనిపించకుండా, చేతులతోనే ఒక మనిషిని చూపించాలి. అదీ ఎక్సర్‌సైజు. గృహహింస చట్టం కింద కేసు వేసి మనోవర్తి కోసం తిరుగుతున్న ఒకామె అప్పుడు మా దగ్గరే ఉంది. వరండాలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే తీస్తామన్నారు. "ముఖం రాదక్కా, చేతులే" అని కెమెరా పట్టుకున్న అమ్మాయి ఆమెకు చెప్పింది. ఆమె సరేనంది. నేనూ సరేనన్నాను. ఐదు నిమిషాల ముక్క. వారం తర్వాత వచ్చి ల్యాప్‌టాప్‌లో మాకందరికీ చూపించారు కూడా. "నా చేతులు గింత నల్లగున్నయా" అని ఆమె నవ్వింది. మంచి పిల్లలు, చెప్పినట్టే చేశారు అనుకున్నాం. ఆ నమ్మకమే తర్వాత కొంప ముంచింది.

ఏడెనిమిది నెలలకు ఆ అమ్మాయి ఒక్కతే మళ్ళీ వచ్చింది. ఈసారి పెద్ద కెమెరా, కాలరుకి పెట్టే మైకు. నేను కలెక్టరేట్‌లో ఉన్నాను. ఫోన్ చేసి "అదే మేడమ్, కొంచెం పెద్దగా చేస్తున్నా" అంది. "కానియ్యమ్మా" అన్నాను. అంతే, నా అనుమతి. పక్కన ఫైళ్ళు పట్టుకుని నిలబడి, ఆఫీసరు లోపలికి ఎప్పుడు పిలుస్తాడా అని చూస్తూ ఇచ్చిన అనుమతి.

రెండు గంటలు మాట్లాడించింది. మొగుడు కొట్టేవాడా అని అడిగింది. ఆమె చెప్పింది, వివరంగా చెప్పింది. తర్వాత ఆ పిల్ల, క్లాసులో నేర్పిన ప్రకారం, ఏమీ అనకుండా ఊరుకుంది. అప్పుడామె అంది: "ఊకె ఏం కొట్టడు. ఒక్కోపారి మంచిగనే ఉంటడు. నాకే ఓపిక లేకపాయె."

సినిమా పద్ధెనిమిది నిమిషాలు వచ్చింది. చివరి మాట అదే. గొంతు ఆసాంతం ఆమెదే. కిటికీ అద్దంలో రెండు సెకన్లు ముఖం కూడా మెరుస్తుంది. హోమ్ ముందున్న బోరింగు, పక్క షాపు బోర్డు కనిపిస్తాయి. కాలేజీలో మెచ్చుకున్నారట. ఎక్కడో ఫెస్టివల్‌లో వేస్తే ఆ మాట దగ్గర హాలంతా నిశ్శబ్దమైపోయిందట. ఆ తర్వాత దాన్ని ఇంటర్నెట్‌లో పెట్టారు. ఫోన్ల మీద తిరిగి తిరిగి ఆమె మరిది దగ్గరికి చేరింది. ముఖంతో పనేముంది, పదేళ్ళు వదినగా ఉన్న మనిషి గొంతు గుర్తుపట్టడా?

తర్వాతి పంచాయితీలో మొగుడి తరఫు పెద్దలు ఫోన్ తీసి బల్ల మీద పెట్టి అందరికీ వినిపించారు. "మీ మనిషే చెబుతోంది గదా, ఊరికే కొట్టడని. ఓపిక లేనిది తనకేనని." కేసు ఏమైందో ఇక్కడ విస్తరించను. అడిగిన దాంట్లో సగానికి దిగి రాజీ పడింది. అడ్రసు తెలిసిపోయింది కాబట్టి ఆమెను వేరే జిల్లాలో ఇంకో హోమ్‌కి పంపాల్సి వచ్చింది. వెళ్ళేముందు నన్నేమీ తిట్టలేదు. ఒక్కటే అంది: "అక్కా, గా మాట నేను గా పిల్లతోని అన్న. మా మరిదితోని అనలే."

ఆ మాట అబద్ధమా అంటే కాదు. హింస మధ్య బతికిన ప్రతి స్త్రీ ఏదో ఒక రోజు ఆ మాట అంటుంది. మన కౌన్సెలింగు గదుల్లో రోజూ వింటాం. దాని వెనక ఎన్నేళ్ళ భయం, ఎంత సర్దుబాటు, పిల్లల మీద ఎంత ఆశ ఉంటాయో మనకు తెలుసు. ఆ స్త్రీయే మరో గంట తర్వాత ఇంకేం చెబుతుందో కూడా తెలుసు. ఆ పిల్లకి తెలియదు. ఆమె టీచరుకీ తెలియదు. వాళ్ళకి అది "గొప్ప ముగింపు". ఎక్సర్‌సైజుకీ ఫైనల్ ప్రాజెక్టుకీ మధ్య గది చప్పుడు రికార్డు చెయ్యడం నేర్పిన చదువు, ఈ మాట ఎవరి చేతిలో పడితే ఏమవుతుందో ఆలోచించడం ఎందుకు నేర్పలేదు? మౌనంగా కూర్చుని మాట రాబట్టడం పాఠమైతే, రాబట్టిన మాటను తిరిగి ఆ మనిషి ముందు పెట్టి "ఉంచమంటావా, తియ్యమంటావా" అని అడగడం పాఠం కాదా?

అంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఆమె ఒప్పుకున్నది చేతుల ఎక్సర్‌సైజుకి. ఆ ఒప్పుదల మీదే గొంతూ, కథా, అద్దంలో ముఖమూ, ఫెస్టివలూ, ఇంటర్నెటూ అన్నీ ఎక్కి కూర్చున్నాయి. చేబదులుగా ఇచ్చిన సోల కొలతతో గాదె ఖాళీ చేసుకుపోయినట్టు! అభ్యాసానికిచ్చిన అనుమతి సినిమాకి చెల్లదు. పని స్వభావం మారినప్పుడల్లా మళ్ళీ అడగాలి, ఏం మారిందో చెప్పి అడగాలి.

"మేం సంతకం తీసుకున్నాం" అంటారు. ఆ కాగితం నేను తర్వాత చూశాను. నాలుగు పేజీలు, ఇంగ్లీషులో. ఇప్పుడున్న, ఇకముందు రాబోయే అన్ని మాధ్యమాల్లోనూ, ప్రపంచమంతటా, శాశ్వతంగా వాడుకునే హక్కు ఇస్తున్నానని. అడుగున ఆమె వేలిముద్ర. భూముల కాగితాల మీద మన తాతమ్మల చేత ఇట్లాంటి వేలిముద్రలే వేయించారు. "శాశ్వతంగా" అన్న మాటకి అర్థం చెబితే వేసి ఉండేదా? కాలేజీ దృష్టిలో మటుకు పని పూర్తయింది. ఆ కాగితం ఆమెను కాపాడటానికి పుట్టలేదు, కాలేజీని కాపాడటానికి పుట్టింది.

చట్టం చూసుకుంటుందిలే అని మనలో కొందరి ధీమా. కాస్త చూడండి. అత్యాచారానికి గురైన స్త్రీ ఎవరో తెలిసేలా ప్రచురించకూడదని 1983లో శిక్షాస్మృతిలో 228ఎ సెక్షన్ చేర్చారు. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 72వ సెక్షన్. పిల్లల విషయంలో 2012 పోక్సో చట్టం 23వ సెక్షన్ ఉంది. 2005 గృహహింస చట్టం 16వ సెక్షన్ ప్రకారం, పరిస్థితిని బట్టి, ఇరుపక్షాల్లో ఎవరైనా కోరితే విచారణ మూసిన తలుపుల వెనక జరపవచ్చు. కోర్టు గదికి తలుపులు వేసుకోవచ్చు సరే, అదే మనిషి అవే సంగతులు మన వరండాలో కెమెరాకి చెబితే ఏ తలుపు వేస్తాం? దెబ్బలు తిన్న భార్యకి, వదిలేసిన భార్యకి, కూలి ఎగ్గొట్టారని దొర మీద మాట్లాడిన మనిషికి చివరికి మిగిలేది తీసేవాళ్ళ మాట మీద నమ్మకమే.

ఇక మన సంగతి. పిల్లల్నీ, కాలేజీల్నీ అని ఊరుకుంటే ఈ వ్యాసం సగమే అవుతుంది. ఆ మనిషిని పిలిచి కుర్చీలో కూర్చోబెట్టింది ఎవరు? మనమే. తిండీ నీడా మన దగ్గర పొందుతున్న మనిషి, మనం పిలిచి "మాట్లాడమ్మా" అంటే కాదనగలదా? ఆమె "సరే" అనడంలో ఎంత ఇష్టం, ఎంత మొహమాటం, ఎంత భయం కలిసి ఉన్నాయో ఎప్పుడైనా తూచామా? సినిమా చివర కృతజ్ఞతల్లో మన సంస్థ పేరు పడితే మనకి సంతోషం. ఫండింగు సంస్థకి పంపే రిపోర్టులో "విద్యార్థులు మా పని మీద చిత్రం తీశారు" అని ఒక వాక్యం. అసలు ఈ అలవాటు పిల్లలకి మననుంచే అంటిందేమో కూడా. రిపోర్టుకి రెండు కేస్ స్టడీలు కావాలి, ఏడుస్తున్న ఫోటో ఒకటి, కుట్టుమిషను ముందు నవ్వుతున్న ఫోటో ఒకటి! పేరు మార్చి, ఊరు మార్చకుండా రాసిన కేస్ స్టడీలు మనందరి బీరువాల్లో ఉన్నాయి. నా బీరువాలోనూ ఉన్నాయి.

విద్యార్థి దశలో సరిదిద్దనిది పెద్దయ్యాక దానంతటదే సర్దుకుంటుందనుకోవడానికి లేదు. బుందేల్‌ఖండ్ గ్రామీణ స్త్రీలు నడిపే ఖబర్ లహరియా పత్రిక మీద ఢిల్లీ జామియాలో చదువుకున్న ఇద్దరు 2021లో "రైటింగ్ విత్ ఫైర్" తీశారు. 2022లో ఆస్కార్ పోటీ దాకా వెళ్ళింది. సరిగ్గా ఆ సమయంలో ఖబర్ లహరియా వాళ్ళు బహిరంగంగా ఒక ప్రకటన చేశారు. సినిమా శక్తిమంతమైనదే, కానీ మేం ఒకే పార్టీ మీద వార్తలు రాస్తూ కూర్చున్నట్టు చూపించారు, అది మా పూర్తి కథ కాదు అని. వాళ్ళు జర్నలిస్టులు కాబట్టి ప్రకటన చేయగలిగారు. మా హోమ్‌లో రాళ్ళేరిన మనిషి ఏ ప్రకటన చేస్తుంది?

ఇంకొకటి, జార్ఖండ్‌లో పదమూడేళ్ళ పిల్ల మీద జరిగిన సామూహిక అత్యాచారం గురించిన "టు కిల్ ఎ టైగర్", 2022 నాటిది. ముఖం దాచాలనే మొదట అనుకున్నామని, ఆ అమ్మాయికి పద్ధెనిమిదేళ్ళు నిండాక సినిమా చూపించి అడిగితే ముఖం చూపమని తనే నిర్ణయించుకుందని తీసినవాళ్ళు చెప్పారు. ఇక్కడ మాత్రం దాని మీద అభ్యంతరాలు వచ్చాయి, 2024లో వ్యవహారం ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళింది. నాకూ ఆ సినిమా మీద సందేహాలున్నాయి. పదమూడేళ్ళప్పుడు తీసిన చిత్రానికి పద్ధెనిమిదో ఏట ఇచ్చిన ఒప్పుదల ఎంతవరకు సరిపోతుంది అన్నది తేలిగ్గా తేలే ప్రశ్న కాదు. కానీ ఆగారు, చూపించారు, అడిగారు. మా హోమ్‌కి వచ్చినవాళ్ళు ఆ పని కూడా చెయ్యలేదు.

ఇట్లా కాక మరెట్లా తీస్తారు అనేవాళ్ళకి దూరం పోనక్కర్లేదు. హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటన, దీపా ధన్‌రాజ్ తదితరులు పెట్టుకున్న యుగాంతర్ బృందం కలిసి 1983లో తెలుగులో "ఇది కథ మాత్రమేనా" తీశారు. విషయం ఇదే, ఇంట్లో హింస. హింస పడిన స్త్రీని తెచ్చి కెమెరా ముందు కూర్చోబెట్టలేదు. సంఘటనలో మాట్లాడుకున్న అనుభవాల్లోంచి ఒక కథ అల్లుకుని సభ్యులే నటించారు. ఏ మాట ఉంచాలి, ఏ మాట వద్దు అన్నది కెమెరా తిరగక ముందే గదిలో తేలింది. ఇరవై అయిదు నిమిషాల ఆ సినిమా చూసి ఇది మా ఇంటి కథేనని అనుకోని ఆడది ఉంటుందా? ఏ ఒక్కరి ముఖమూ పణంగా పెట్టకుండానే!

జహీరాబాదు దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత రైతు స్త్రీలు 1990ల రెండో సగంలో వీడియో కెమెరా పట్టారు. వాళ్ళూ ఒకప్పుడు విద్యార్థులే. చాలామందికి బడి చదువు లేదు. కెమెరా కోణాలకి ఇంగ్లీషు పేర్లు నోరు తిరక్క, ఎగువనుంచీ దిగువనుంచీ చూసేవాటికి పటేలు పేరూ బానిస పేరూ పెట్టుకున్నారు. కన్నూ కన్నూ సమానంగా కలిసే దానికి "సంఘం షాట్" అన్నారు. మూడేళ్ళ కోర్సుల్లో ఈ ఒక్క ముక్క చెబితే ఎంత బాగుండేది! వరంగల్ పత్తి రైతుల బీటీ విత్తనాల గోస మీద 2003లో ఒక సినిమా తీసి, పనైపోయిందని చేతులు దులుపుకోలేదు. మళ్ళీ ఆ జిల్లాకే వెళ్ళి, మూడేళ్ళలో ఏం జరిగిందో 2005లో ఇంకోటి తీశారు. తీసినవాళ్ళూ రైతులే, చెప్పినవాళ్ళూ రైతులే. తిరిగి వెళ్ళడమన్నది వాళ్ళకి ఎవరూ పాఠంగా చెప్పి ఉండనక్కర్లేదు.

దీనికి వచ్చే జవాబులు నాకు తెలుసు. "అడుగడుగునా అడుగుతూ కూర్చుంటే డాక్యుమెంటరీలే ఉండవు. మంత్రుల్నీ, కాంట్రాక్టర్లనీ, పోలీసుల్నీ కూడా అనుమతి అడిగి తియ్యాలా?" అక్కర్లేదు. అధికారంలో ఉన్నవాడు జనానికి జవాబు చెప్పుకోవలసినవాడు, వాడి మాట ఎక్కడైనా పట్టుకోవచ్చు. మా హోమ్‌లో మనిషి ఎవరికీ జవాబుదారీ కాదు. ఇద్దరికీ ఒకే కొలత పెట్టడం తీసేవాళ్ళకి సౌకర్యం, అంతే. "అడిగితే మంచి మాటలన్నీ తీసెయ్యమంటారు" అంటారు. తీసెయ్యమంటే తియ్యండి. మీ సినిమా రెండు నిమిషాలు తగ్గుతుంది.

పిల్లల మీద నాకు కోపం లేదని కూడా చెప్పాలి. సినిమా తీసిన ఆ అమ్మాయి విషయం తెలిశాక మా దగ్గరికి వచ్చింది. ఏడ్చింది. అప్పు చేసి కోర్సు చదువుతోంది, గడువు దాటితే సంవత్సరం పోతుంది. ఆ ముగింపు తనకే ఎందుకో మనసొప్పలేదనీ, "అదే నీ సినిమా, వదలకు" అని టీచరు అన్నారనీ చెప్పింది. సినిమాని ఇంటర్నెట్ నుంచి తీసేసింది. అప్పటికే ఫోన్లలోకి దిగినవాటిని ఎవరూ తీయలేరు. "ఇప్పుడు నేనేం చెయ్యాలి మేడమ్" అంది. నా దగ్గర జవాబు లేకపోయింది. ఫోన్‌లో "కానియ్యమ్మా" అన్నదాన్ని కదా.

అయినా కాలేజీలకి ఒక సూచన. మొదటి ఎక్సర్‌సైజుకి మా హోమ్‌లు ఎందుకు, బస్తీలు ఎందుకు? పిల్లల్ని వాళ్ళ ఇళ్ళకే పంపండి. నాన్నగారిని వెలుతురు చూసి కూర్చోబెట్టి, కాలరుకి మైకు పెట్టి, "అమ్మని ఎప్పుడైనా కొట్టారా" అని అడగమనండి. జవాబు అయ్యాక ఐదు సెకన్లు ఊరుకోమనండి. ఆ కార్డు క్లాసులో అందరి ముందూ వెయ్యడానికి ఎంతమంది ఒప్పుకుంటారో చూడండి. ఒప్పుకోరు, ఒప్పుకోనక్కర్లేదు కూడా. కెమెరా ముందు కూర్చోవడం అంటే ఏమిటో ఆ రోజు తెలుస్తుంది. ఆ తర్వాత మా దగ్గరికి రమ్మనండి.

ఫైనల్ ప్రాజెక్టుకి మార్కులు వేసేటప్పుడు వెలుతురుకీ శబ్దానికీ వేసినట్టే, రఫ్ కట్ ఆ మనిషికి చూపించారా లేదా అన్నదానికీ వెయ్యండి. చూపించడమంటే ల్యాప్‌టాప్ తెచ్చి హోమ్‌లో అందరి మధ్యా తిప్పి చూపించడం కాదు. ఆమెకొక్కదానికే, మా సిబ్బంది కూడా గదిలో లేకుండా, సబ్‌టైటిల్స్‌లో ఏం రాశారో తెలుగులో చదివి వినిపించి, ఒక రాత్రి ఆలోచించుకోనిచ్చి మర్నాడు వచ్చి అడగడం.

మా హోమ్‌లో మాత్రం ఈ ఏడాది నుంచి కొన్ని మార్చుకున్నాం. కేసు నడుస్తున్న మనిషిని ఎక్సర్‌సైజుకి ఇవ్వడం లేదు, చేతులైనా సరే. ఎక్సర్‌సైజు కోసం తీసినది క్లాసులో చూపించాక చెరిపేస్తామని కాలేజీ చేత రాయించుకుంటున్నాం. అదే మనిషితో పెద్ద సినిమా తియ్యాలంటే మళ్ళీ మొదటినుంచి అడగాలి, కొత్త కాగితం రాయాలి. అది తెలుగులో, ఒక్క పేజీలో ఉండాలి. ఎక్కడ చూపిస్తారు, ఎన్నాళ్ళు చూపిస్తారు, ఇంటర్నెట్‌లో పెడతారా లేదా అన్నవి విడివిడిగా ఉండాలి. సినిమా పూర్తయ్యేలోపు ఎప్పుడైనా వద్దనే హక్కు ఆమెకుండాలి. ఈ నియమాలు పెట్టాక రెండు కాలేజీలు రావడం మానేశాయి. ఒక కాలేజీ నుంచి ముగ్గురు పిల్లలు వచ్చారు. కెమెరా లేకుండా నాలుగు ఆదివారాలు వచ్చి కూర్చుని వెళ్ళారు. ఐదోసారి తెచ్చుకుంటామన్నారు. ఎవరు మాట్లాడతారన్నది ఇంకా తేలలేదు. ఎవరూ మాట్లాడకపోవచ్చు.

ఆ ఒక్క పేజీ కాగితం ఇంకా చిత్తుప్రతిగానే ఉంది. మాకు తోచినట్టు రాసుకున్నాం, లోపాలుంటాయి. ముఖ్యంగా గొంతు విషయంలో ఏం చెయ్యాలో మాకు తేలడం లేదు. గొంతు మార్చితే మనిషి దొంగలా వినిపిస్తుంది, మార్చకపోతే మరిది గుర్తుపడతాడు. మీ సంఘాల్లో, హోమ్‌లలో ఇట్లాంటివి ఎదురై ఉంటే, మీరేం చేశారో పత్రికకి రాయండి. అన్నీ చూసుకుని మార్పులు చేసి వచ్చే సంచికలో ఆ కాగితం పూర్తి పాఠం అచ్చు వేయమని సంపాదకవర్గాన్ని అడిగాం.